కూలిన చెట్టు ఏ దిక్కుకు పడింది?

2024 ఆగస్టు 31, శనివారం. బంగాళాఖాతంలోని వాయుగుండం ఉత్తరాంధ్ర తీరానికి దగ్గరపడింది. అర్ధరాత్రి దాటాక కళింగపట్నం సమీపాన ఒడ్డెక్కింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎడతెగని వాన. విజయవాడలో బుడమేరు, ఖమ్మంలో మున్నేరు ఇళ్లలోకి వచ్చిన ఆ రెండు రోజుల్లో ములుగు జిల్లా అడవి లోపల ఏం జరిగిందో చూసే తీరిక ఎవరికీ లేకపోయింది. ఆ సాయంత్రం, చీకటిపడే వేళ, తాడ్వాయి–మేడారం నడుమ ఏటూరునాగారం అభయారణ్యంలో ఒక గాలి వచ్చి వెళ్లింది. తెల్లవారాక అటవీ సిబ్బంది లోపలికి వెళ్లి చూస్తే సుమారు 200 హెక్టార్ల మేర, అంటే దాదాపు 500 ఎకరాల్లో, చెట్లు కూకటివేళ్లతో లేచి పడి ఉన్నాయి. కూలినవి 50 వేలకు పైనే ఉంటాయని తొలి అంచనాల్లోనే తేలింది.

ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. హెక్టారుకు 250 చెట్లు. ఆరు మీటర్లకు కాస్త ఎక్కువ దూరానికి ఒకటి చొప్పున నేలకొరిగాయన్న మాట. ఈదురుగాలికి పుచ్చిపోయిన మాను ఒకటి, గట్టున వేళ్లు తేలిన చెట్టు ఒకటి పడటం మనం ఏటా చూసేదే. ఇది అలాంటిది కాదు. బలహీనమైనదాన్నీ బలమైనదాన్నీ ఏరకుండా తీసుకుపోయిన గాలి ఇది.

ఆ అడవిని ఆనుకునే సమ్మక్క–సారలమ్మ గద్దెలు ఉన్నాయి. రెండేళ్లకోసారి మాఘమాసంలో జాతరకు లక్షలాది జనం చెట్ల కింద గుడారాలు వేసుకుని ఉంటారు. గాలి దారి కాస్త పక్కకు జరిగి ఉంటే, లేదా అది జాతర రోజుల్లోనే వచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి మనసు రాదు. అమ్మల చలవ అనుకున్నవాళ్లు చాలామంది. ఆ కృతజ్ఞత నాకూ అర్థమవుతుంది. అయితే దాంతోపాటు ఇంకో పని కూడా ఉంది. వచ్చింది ఏ రకం గాలి, ఎంత వేగంతో వచ్చింది, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది అన్నది రాబట్టాలి.

ఆ రోజుల్లో రకరకాల మాటలు వినిపించాయి. టోర్నడో అన్నారు, క్లౌడ్‌బరస్ట్ అన్నారు. అదే ఏడాది డిసెంబరు 4 ఉదయం 7.27కి ములుగు జిల్లా కేంద్రంగా 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు రెండింటికీ ముడిపెట్టినవాళ్లూ ఉన్నారు. ఆ ముడి నిలవదు. భూకంపం పుట్టింది నేల అడుగున ఎన్నో కిలోమీటర్ల లోతున, అదీ మూడు నెలల తర్వాత. మేఘాల్లో పుట్టే గాలికీ దానికీ సంబంధం లేదు. క్లౌడ్‌బరస్ట్ అనేది గంటలో 10 సెంటీమీటర్ల పైన కురిసే కుండపోతకు పెట్టిన పేరు. అంత వాన నేలను బురద చేసి వేళ్ల పట్టు సడలించగలదు గానీ, పడదోసే బలం గాలిదే. కాబట్టి గట్టిగా నిలబడే అనుమానాలు రెండే. ఒకటి టోర్నడో, అంటే మేఘం నుంచి నేలదాకా దిగిన సుడి. రెండోది డౌన్‌బర్స్ట్, అంటే ఉరుముల మేఘంలో చల్లబడి బరువెక్కిన గాలి ఒక్కపెట్టున కిందికి జారి నేలను గుద్ది నాలుగు వైపులా పరుచుకోవడం. బకెట్టెడు నీళ్లు గచ్చు మీద కుమ్మరిస్తే చిమ్మే తీరు అది.

రెండిట్లో ఏది వచ్చిందో చూసి చెప్పేవాళ్లు లేనప్పుడు సాక్ష్యం చెప్పేవి కూలిన చెట్లే. వాటిని అడగాల్సిన మొదటి ప్రశ్న ఎన్ని పడ్డాయని కాదు, ఏ దిక్కుకు పడ్డాయని.

టోర్నడో దారిలో చెట్లు లోపలి వైపుకు, దారి నడిమి గీత మీదికి వాలుతాయి. మన ఉత్తరార్ధగోళంలో ఈ సుడులు చాలావరకు గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతాయి. సుడి ముందుకు కదులుతుంటే దాని కుడి పక్కన తిరుగుడు వేగమూ నడక వేగమూ కలుస్తాయి. అక్కడ చెట్లు ఎక్కువగా, సుడి వెళ్లిన వైపుకే తల పెట్టి పడతాయి. ఎడమ పక్కన ఒకటి రెండోదాన్ని తగ్గిస్తుంది. అక్కడ చెట్లు అడ్డంగానో, సుడి తిరుగుడు మరీ బలంగా ఉంటే వెనక్కో పడతాయి. నడిమి గీత దగ్గర ఒకదాని మీద ఒకటి పడిన చెట్లను జాగ్రత్తగా చూడాలి. సుడి ముందు భాగం తగిలినప్పుడు పడ్డవి అడుగున ఉంటాయి, సాధారణంగా వాటి తలలు ఎడమకు. సుడి వెనక భాగం పడగొట్టినవి వాటి మీద, కుడికి. ఏది కింద, ఏది పైన అన్నది రాసుకుంటే కొద్ది క్షణాల్లో గాలి దిశ ఎలా మారిందో తెలిసిపోతుంది. డౌన్‌బర్స్ట్‌లో ఇదంతా తిరగబడుతుంది. చెట్లు ఒకచోటి నుంచి బయటికి, విసనకర్ర పుల్లల్లా విచ్చుకుని పడతాయి. ఉపగ్రహ చిత్రంలో టోర్నడో దారి సన్నగా పొడుగ్గా కనిపిస్తుంది, డౌన్‌బర్స్ట్ పడినచోటు వెడల్పుగా మచ్చలా ఉంటుంది.

ఈ చదువుకు అక్షరాలు దిద్దినవాళ్లలో ఇద్దరి గురించి చెప్పాలి. 1920ల్లో ఎస్టోనియాలోని టార్టు నగరంలో యోహానెస్ లెట్స్‌మన్ సుడిగాలిని లెక్కల్లో పెట్టి, దాని దారిలో చెట్లు ఏ తీరున పడాలో కాగితం మీద గీసి చూపించాడు. చాలా కాలం ఆ పని మరుగునే ఉండిపోయింది. రెండోవాడు తెత్సుయా ఫుజిత. 1945లో ఆయన జపాన్‌లోని కొకురా పక్కన కాలేజీలో పాఠాలు చెబుతున్న యువకుడు. ఆగస్టు 9న అణుబాంబు మొదట వేయదలచింది కొకురా మీదే. పైనుంచి ఊరు సరిగా కనిపించక విమానం నాగసాకికి మళ్లింది. కొన్ని వారాలకు ఫుజిత నాగసాకి వెళ్లి, శ్మశానాల్లో పూలు పెట్టే వెదురు గొట్టాల మీద ఏ పక్క కాలిందో చూసుకుంటూ, ఆ గీతలన్నీ వెనక్కి పొడిగించి బాంబు పేలిన చోటును లెక్కగట్టాడు. నేలకు ఎగువన పేలిన బాంబు కింద చెట్లు నక్షత్రం కిరణాల్లా బయటికి వాలిన తీరు ఆయన కళ్లలో ఉండిపోయింది.

1974 ఏప్రిల్ 3, 4 తేదీల్లో అమెరికాలో 148 టోర్నడోలు విరుచుకుపడ్డాయి. షికాగో విశ్వవిద్యాలయంలో ఉన్న ఫుజిత చిన్న విమానంలో ఆ దారులన్నీ తిరిగి ఫొటోలు తీయించాడు. కొన్నిచోట్ల సుడి ఆనవాలు లేదు. నాగసాకిలో చూసిన నక్షత్రమే అడవిలో పడి ఉంది. పై నుంచి దిగిన గాలి నేలను గుద్దిందని ఆయన అంటే సాటి శాస్త్రవేత్తలు నమ్మలేదు. 1975 జూన్ 24న న్యూయార్క్ కెనెడీ విమానాశ్రయంలో దిగబోతూ ఈస్టర్న్ 66 విమానం కూలి 113 మంది చనిపోయారు. ఆ ప్రమాదానికి అలాంటి గాలే కారణమని ఫుజిత చూపించాడు. ఆయన పట్టుదల వల్లే తర్వాత విమానాశ్రయాల్లో ఆ గాలిని పసిగట్టే రాడార్లు వచ్చాయి, పైలట్ల శిక్షణ మారింది. అడవిలో చెట్లు పడిన దిక్కును శ్రద్ధగా చూసినందుకు ఆకాశంలో ఎన్ని ప్రాణాలు నిలిచాయో!

మేడారానికి అన్నిటికన్నా దగ్గరి పోలిక కూడా ఫుజిత సర్వేల్లోనే ఉంది. 1987 జులై 21న అమెరికాలోని టీటన్ అరణ్యం నుంచి యెల్లోస్టోన్ జాతీయవనంలోకి ఒక టోర్నడో పోయింది. ఇల్లన్నది లేని చోటు. దాదాపు 15 వేల ఎకరాల్లో పది లక్షల చెట్లు కూలాయని అంచనా. ఫుజిత పైనుంచి తీసిన ఫొటోల్లో చెట్ల దిక్కులను గుర్తించుకుంటూ 39 కిలోమీటర్ల దారిని, రెండున్నర కిలోమీటర్ల వెడల్పును తేల్చాడు. ఆ సుడి దారి చుట్టూ 72 చిన్న డౌన్‌బర్స్ట్‌లు కూడా ఉన్నాయని చూపించాడు. మేడారం విషయంలో ఇది మరిచిపోకూడనిది. టోర్నడోనా, డౌన్‌బర్స్టా అని వాదించుకుంటాం గానీ ఒకే మేఘం కింద రెండూ పక్కపక్కనే జరగవచ్చు. 200 హెక్టార్లనూ ఒకే ముద్దగా చూస్తే అది ఎప్పటికీ దొరకదు.

ఇక వేగం. టోర్నడో వేగాన్ని గాలివేగమాపక యంత్రంతో కొలవడం అరుదు. అది దారిలో ఉండదు, ఉంటే నిలవదు. అందుకే ఫుజిత 1971లో నష్టాన్ని బట్టి వేగాన్ని అంచనా కట్టే కొలబద్ద తయారు చేశాడు. దాన్ని సవరించిన ఈఎఫ్ స్కేలును అమెరికా 2007 ఫిబ్రవరి 1 నుంచి వాడుతోంది. ఈఎఫ్–0 నుంచి ఈఎఫ్–5 దాకా ఆరు మెట్లు. గంటకు 105 కిలోమీటర్ల దగ్గర మొదలై, 322 దాటితే చివరి మెట్టు. ఇళ్లు, బడులు, షెడ్లు, స్తంభాలు, చెట్లు అన్నీ కలిపి 28 రకాల వస్తువులకు ఏ స్థాయి నష్టానికి ఎంత గాలి అన్న పట్టిక అందులో ఉంది. వెడల్పాకుల చెట్టు వేళ్లతో లేస్తే గంటకు సుమారు 146 కిలోమీటర్లు. బోదె మధ్యకు విరిగితే 177. బెరడు ఒలిచినట్టు ఊడి మొండి కొమ్మలే మిగిలితే 230. ఇవి మధ్యస్థ అంచనాలు, ప్రతిదానికీ అటూ ఇటూ బాగా వెసులుబాటు ఉంది.

ఆ పట్టికను తెచ్చి మన అడవికి అతికిస్తే సరిపోతుందా? సరిపోదు. అది అమెరికా చెట్ల మీద కట్టింది. మన మద్ది, టేకు, ఇప్ప, తునికి వేరు. నేల వేరు. మేడారం అడవి మట్టి సారవంతం కావడంతో వేళ్లు లోతుకు పోలేదని అధికారులు చెప్పారు; దానికి తోడు వాన నానబెట్టింది. మెత్తటి నేలలో, పైపై వేళ్ల మీద నిలబడిన చెట్టును లేపడానికి గట్టి నేలలో కావలసినంత గాలి అక్కర్లేదు. ఇంకొకటి, ఋతువు. ఇది ఆకురాల్చే అడవి. ఏప్రిల్‌లో అయితే సగం చెట్లు మోళ్లలా ఉంటాయి, గాలి కొమ్మల సందుల్లోంచి పోతుంది. ఆగస్టు చివరికి గుబురు నిండుగా ఉంటుంది. గంటకు 150 కిలోమీటర్ల గాలి అడ్డొచ్చిన ప్రతి చదరపు మీటరు మీదా సుమారు 100 కిలోల బరువు మోపినంత ఒత్తిడి పెడుతుంది. ఆకులు ముడుచుకుని కొంత తప్పించుకుంటాయి. అయినా పెద్ద గుబురున్న చెట్టు మొదలు మీద పడే లాగుడు టన్నుల్లో ఉంటుంది. కాబట్టి వేళ్లతో లేచినవి ఎన్ని, బోదె విరిగినవి ఎన్ని అన్న నిష్పత్తి కావాలి. నానిన నేలలోనూ వేళ్లు పట్టు వదలకుండా బోదెలు విరిగిపోయిన చోట్లు ఉంటే గాలి అక్కడే అత్యంత బలంగా వీచిందని అర్థం.

మేడారం గాలి వచ్చింది చీకటిపడే వేళ. చీకట్లో వచ్చే సుడి ఎంత ప్రమాదమో అమెరికాలోని మనవాళ్లకు బాగా తెలుసు. 1950 నుంచి 2005 దాకా అక్కడి టోర్నడోల్లో రాత్రివేళ వచ్చినవి సుమారు 27 శాతమైతే, మరణాల్లో వాటి వాటా 39 శాతం. నిద్రలో హెచ్చరిక వినపడదు. వినపడినా కిటికీలోంచి ఏమీ కనపడదు. 2019 అక్టోబరు 20, ఆదివారం రాత్రి 9 గంటల ప్రాంతంలో ఉత్తర డాలస్ మీదుగా రిచర్డ్‌సన్ వైపు ఒక టోర్నడో సుమారు 25 కిలోమీటర్లు నడిచింది. ఆ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఆ రాత్రి ఫోన్లలో మోగిన హెచ్చరికలకు ఇంటి లోపలి గదుల్లో తలదాచుకున్నాయి. ఒక్క ప్రాణం పోలేదు, నష్టం మాత్రం వంద కోట్ల డాలర్లు దాటింది. ఆ రాత్రి ఉత్తర టెక్సాస్‌లో మొత్తం పది టోర్నడోలు దిగాయని తేలింది తర్వాతి సర్వేలోనే.

ఆ సర్వే ఎలా చేస్తారన్నది మనం నేర్చుకోదగ్గది. చీకట్లో బయల్దేరరు, తెగిన తీగలు, కారే గ్యాసు, ఊగుతున్న గోడలు సర్వే చేసేవాళ్లనే తీసుకుపోతాయి. రాత్రంతా కాగితం పని. కొత్త తరం రాడార్లు వాన చినుకునూ ఎగిరే రేకుముక్కనూ వేరుగా గుర్తించగలవు కనక, చెత్త ఎక్కడ గాల్లోకి లేచిందో గుర్తుపెట్టుకుంటారు. ఏ పేటలో ఏ నిమిషానికి కరెంటు పోయిందో రాసుకుంటారు. తెల్లవారగానే ముందు దారికి రెండు కొసలూ వెతుకుతారు, తర్వాత వెడల్పు. కూలిన ఇంటి దగ్గర ఆగి పునాదికి గోడను బోల్టులతో బిగించారా, మేకులతో సరిపెట్టారా అని వంగి చూస్తారు. మేకులతో నిలబెట్టిన ఇల్లు కొట్టుకుపోతే దాన్ని పెద్ద గాలి ఖాతాలో వేయరు. ఇదంతా శిథిలాలు తొలగించేలోపే జరగాలి. ఇల్లు పోయినవాళ్లు పనికొచ్చేవి ఏరుకుంటూ ఉంటారు. వాళ్లకు అడ్డు రాకుండా, మెల్లగా మాట్లాడుతూ చేయాల్సిన పని ఇది.

సర్వే చేయడానికి కూలినవేవీ లేకపోతే? ఇప్పుడు మేడారం గాలినే ఖతార్‌లోని దుఖాన్‌కు తీసుకెళ్దాం. దోహాకు పడమరగా 80 కిలోమీటర్ల పైన, గల్ఫ్ ఒడ్డున చమురు పట్టణం అది. రెండో ప్రపంచయుద్ధానికి కాస్త ముందు ఖతార్‌లో తొలి చమురుబావి తవ్వింది అక్కడే. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ జిల్లాల నుంచి ఖతార్ వెళ్లిన మనవాళ్లలో అక్కడి సున్నపురాయి గుట్టల వైపు పనికి పోయినవాళ్లున్నారు. వాయవ్యం నుంచి వీచే షమాల్ దుమ్ము అందరికీ అలవాటే. వాన మాత్రం ఏడాది మొత్తానికి ఏడెనిమిది సెంటీమీటర్లు, అదీ అక్టోబరు చివరి నుంచి వేసవి ముందుదాకా వచ్చే కొద్దిపాటి ఉరుముల మేఘాల నుంచే. అలాంటి మేఘం కింద ఒక రాత్రి ఒక సుడి దిగి, మేడారంలో వీచినంత బలంగానే వీచి, ఊరికీ బావులకూ దూరంగా బయలు మీదుగా పోయిందనుకుందాం. తెల్లవారి సర్వేకు వెళ్తే ఏముంటుంది? చెట్టు లేదు. ఇల్లు లేదు. ఇసుక మీద గీత పడినా తర్వాతి షమాల్ చెరిపేస్తుంది. ఆ రాత్రి సుడి వచ్చిందని రాడారో, ఎవరి ఫోనులోని వీడియోనో రుజువు చేస్తే పుస్తకంలో ఈఎఫ్–యు అని రాస్తారు, తీవ్రత తెలియనిదని.

అదే సుడి పట్టణం అంచును తాకితే కథ మారుతుంది. దీపస్తంభాలు, కరెంటు టవర్లు, పెట్రోలు బంకు పైకప్పు, ఇనుప షెడ్లు అన్నీ ఈఎఫ్ పట్టికలో ఉన్నవే. పనివాళ్లు ఉండే పోర్టా క్యాబిన్ల లాంటి తేలిక ఇళ్లకూ అందులో చోటుంది. ఇటుకల మీద ఊరికే ఆనించిన క్యాబిన్ చాలా తక్కువ గాలికే దొర్లుతుంది. నేలలోకి తాళ్లతో, కొక్కేలతో బిగించిన క్యాబిన్ నిలబడుతుంది. సర్వేలో ఈ తేడా రాయడం వేగం లెక్కకే కాదు, లోపల పడుకునేవాడి ప్రాణానికీ అవసరం. క్యాంపులో ఉన్నవాళ్లు తమ క్యాబిన్ కింద ఏముందో ఒకసారి వంగి చూసుకోవాలని నా విన్నపం.

మేడారానికీ దుఖాన్‌కూ మధ్య తేడా గాలిలో లేదు, అక్కడ నిలబడి ఉన్నవాటిలో ఉంది. 2013 మే 31న ఓక్లహోమాలోని ఎల్ రీనో దగ్గర 4.2 కిలోమీటర్ల వెడల్పున టోర్నడో వచ్చింది. పరిశోధకుల సంచార రాడార్ దానిలో గంటకు 470 కిలోమీటర్లు దాటిన గాలిని పట్టుకుంది. అయినా అధికారిక రికార్డులో దాని స్థాయి ఈఎఫ్–3. ఎక్కువగా పొలాల మీదుగా పోవడంతో అంతకు మించిన రుజువు నేల మీద మిగల్లేదు.

రాడార్ ఉంటే సర్వే ఎందుకని అనిపించవచ్చు. మేడారానికి హైదరాబాద్ రాడార్ గీత గీసినట్టు సుమారు 200 కిలోమీటర్ల దూరం. అర డిగ్రీ వాలుతో బయల్దేరిన కిరణం, భూమి గుండ్రంగా ఉన్నందువల్ల, అక్కడికి చేరేసరికి నేలకు దాదాపు 4 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మేఘం నడుము కనపడుతుంది గానీ పాదం కనపడదు. ఆ లోటును కొంత తీర్చేవి ఉపగ్రహాలు. మేడారం నష్టాన్ని చూడటానికి డ్రోన్లు ఎగరేశారు, హైదరాబాద్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం సాయమూ కోరారు. వానకాలంలో మామూలు చిత్రాలకు మబ్బు అడ్డమైతే రాడార్ ఉపగ్రహాలు మబ్బులోంచి చూస్తాయి. కెనడాలో వెస్టర్న్ విశ్వవిద్యాలయం 2017లో మొదలుపెట్టిన ఉత్తర టోర్నడోల ప్రాజెక్టు ఉపగ్రహాలతో ఇలాంటి పనే చేస్తోంది. మనిషి అడుగుపెట్టని అడవుల్లో కూలిన చెట్ల చారలను ఉపగ్రహ చిత్రాల్లో వెతికి, పైనుంచి కొలిచి, అంతకుముందు ఎవరి లెక్కలోకీ రాని టోర్నడోలను బయటపెట్టింది. ఒక చతురస్రం గీసి దానిలో ఎన్ని చెట్లకు ఎన్ని పడ్డాయో చూసి తీవ్రత కడతారు. గోదావరి ఒడ్డున భద్రాచలం నుంచి మంచిర్యాల దాకా ఉన్న అడవికి ఈ పద్ధతి చక్కగా పనికొస్తుంది. గత ముప్ఫై ఏళ్ల ఉపగ్రహ చిత్రాలు ఉన్నాయి. మేడారం గాలి మొదటిదో కాదో వాటిలో వెతకవచ్చు.

నేల మీద చేయాల్సిన పనికి పెద్ద ఖర్చు లేదు. దిక్సూచి, జీపీఎస్ ఉన్న ఫోను, ఒక నోటుపుస్తకం. గాలి దారికి అడ్డంగా వంద మీటర్లకొక గీత చొప్పున నడుస్తూ ప్రతి చెట్టుకూ ఐదు సంగతులు రాయాలి. జాతి, మొదలు చుట్టుకొలత, తల ఏ దిక్కుకు, వేళ్లతో లేచిందా విరిగిందా, పక్క చెట్టుకు పైన ఉందా కింద ఉందా. బీటు అధికారులకూ, ఆ అడవిలో పుట్టి పెరిగిన కోయ యువకులకూ రెండు రోజుల శిక్షణ చాలు. చెట్టు పేరు చెప్పడంలో వాళ్లకు సాటి వచ్చే నిపుణుడు ఎక్కడా దొరకడు.

ఇంత కాలం గడిచాక చెదలు తిన్న బోదెల్లో ఏం మిగిలి ఉంటుందని అనుకోనక్కర్లేదు. వేళ్లతో లేచిన చెట్టు తన చోట ఒక గుంత వదులుతుంది. వేళ్లు పట్టుకుని లేచిన మట్టి ఏళ్ల తరబడి రాలి ఆ గుంత పక్కనే దిబ్బ కడుతుంది. గాలి వచ్చిన వైపు గుంత, చెట్టు పడిన వైపు దిబ్బ. కర్ర పూర్తిగా మట్టయిపోయినా, దున్నని అడవి నేలలో ఈ గుంతా దిబ్బా దశాబ్దాలు, కొన్నిచోట్ల శతాబ్దాలు నిలుస్తాయి. గుంత నడుమ నుంచి దిబ్బ నడుమకు దిక్సూచి పెట్టి చూస్తే 2024 ఆగస్టు 31 సాయంత్రం అక్కడ గాలి ఎటు వీచిందో ఈ రోజుకూ కొలుచుకోవచ్చు.